దామరవాయి రాతి సమాధులను కొలిచి గీసిన పని: నా అనుభవం

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని దామరవాయి గుట్టల మీద ఇనుపయుగపు మనుషులు తమ మృతుల కోసం కట్టిన రాతి సమాధులు వందకు మించి ఉన్నాయి. ఇసుకరాతి పలకలను గోడలుగా నిలబెట్టి, వాటిపై ఒకే పెద్ద బండను కప్పుగా ఎక్కించి, లోపల రాతిని తొలిచి చేసిన తొట్టిని అమర్చిన కట్టడాలివి. పరిశోధకులు వీటిని డోల్మెన్లు అంటారు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రాకాసి గూళ్లు అంటారు. ఆ గుట్టల్లో ఒకదాని మీదున్న ఒక గుంపు సమాధులను కొలిచి, స్కేలు ప్రకారం కాగితం మీదికి ఎక్కించే పనిలో నేను పాల్గొన్నాను. ఆ పని ఏ వరుసలో సాగిందో, కొలుస్తున్నకొద్దీ ఆ రాళ్లలో ఏమేమి బయటపడ్డాయో ఇక్కడ రాస్తున్నాను.

నేను పురావస్తు శాస్త్రం చదివినవాణ్ణి కాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత హనుమకొండలో స్థిరపడ్డాను. డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించిన మిత్రులొకరు తమ శిష్యులతో కలిసి ఈ సమాధుల వివరాలు నమోదు చేస్తూ, గీతపని కోసం నన్ను పిలిచారు. వారి దగ్గర ఫొటోలు కుప్పలుగా ఉన్నాయి. అయితే ఆ ఫొటోల్లో ఏది రాతి అంచో, ఏది ఆకునీడో తేల్చుకోవడం కష్టంగా ఉండేది. గోడపలక మందమెంతో, అది ఏ వైపు ఎంత వాలిందో, కప్పుబండ గోడను ఎక్కడెక్కడ తాకుతున్నదో ఏ ఫొటో చెప్పదు. ఇల్లు కట్టేవాడికి ఇంటి ఫొటో ఇస్తే ప్రయోజనం లేదు, ప్లానూ, కట్టడాన్ని నిలువుగా కోసినట్టు చూపే నిలువుకోతా ఇవ్వాలి. ఈ సమాధులకు మా మిత్రుడు అడిగినవి అవే.

బయలుదేరే ముందు వారు నాచేత కొంత చదివించారు. ఈ ప్రాంతపు సమాధుల గురించి అచ్చులో వచ్చిన తొలి సమాచారం 1868 నాటిది. మల్హెరన్ అనే అధికారి వీటి గురించి కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీకి రాసి పంపాడు. నాలుగేళ్ల తరువాత, ప్రపంచంలోని రాతి సమాధులన్నిటి మీదా వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వేసిన పుస్తకంలో, ఆ సమాచారం ఆధారంగా ‘కాటాపూర్’ సమాధి బొమ్మ చేరింది. కాటాపూర్ ఇప్పటికీ తాడ్వాయి మండలంలో ఒక ఊరే. 1877లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ మంగపేట దగ్గరి సమాధుల మీద, వాటి పక్కన నిలిపిన శిలువ ఆకారపు రాళ్ల మీద ఒక వ్యాసం ప్రకటించాడు. ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించిన కింగ్ ఇతడే. మన కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె.పి. రావు దామరవాయిని పరిశీలించి, పరిశోధకుల దృష్టికి తెచ్చారు.

ఇది ఏటూరునాగారం అభయారణ్యపు ప్రాంతం కనుక అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకున్నాం. షరతులు స్పష్టంగా ఉన్నాయి. తవ్వకూడదు, చెట్టు కొమ్మ నరకకూడదు, రాతి మీద రంగు గాని సుద్ద గాని పెట్టకూడదు, పొద్దుగూకేలోగా గుట్ట దిగిపోవాలి. వానాకాలంలో అక్కడ పది అడుగుల అవతలి బండ కనబడదని, తునికాకు కోతల నాటికి ఎండకు రాళ్లను ముట్టుకోలేమని చెప్పడంతో, దీపావళి దాటి చలి ముదిరాక పని పెట్టుకున్నాం. మేడారం పెద్ద జాతర ఏడాది కాకపోవడం వల్ల పస్రా నుంచి తాడ్వాయి దాకా దారి ఖాళీగా ఉండేది.

మా బృందంలో మిత్రుడు, వారి శిష్యులు ముగ్గురు, నేను, మాతో పాటు రాతిపని చేసే వడ్డెర మేస్త్రి ఒకరు ఉన్నాం. మేస్త్రిని వెంట తీసుకుపోదామన్నది నా పట్టుదల. రాయిని చీల్చి, లేపి, నిలబెట్టిన అనుభవం ఉన్న మనిషి పక్కన లేకుండా రాతి కట్టడాన్ని గీస్తే గీత అందంగా రావచ్చు గాని, ఏ గీతకు విలువ ఉందో తెలియదు. దారి చూపడానికి ఊళ్లో ఒక కోయ పెద్దాయన ఒప్పుకున్నారు. పిల్లలు ఆయనను తాతా అని పిలిచేవారు, మేమూ అలాగే అలవాటు పడ్డాం. ఏ గూటిలోకైనా ఆయన ముందు ఒక గులకరాయి విసిరి, కాసేపు చెవి ఒగ్గి, తరువాతే మమ్మల్ని వంగనిచ్చేవారు. ఎలుగుబంట్లు ఎండపూట వాటిలో పడుకుంటాయట.

మొదటి పని కొలవడం కాదు, లెక్కపెట్టి పేరు పెట్టడం. రాతి మీద రాయకూడదు కాబట్టి, గుడ్డపీలికల మీద అంకెలు రాసి ప్రతి సమాధి పక్కనున్న మొక్కకు కట్టాం. ఫోనులోని జీపీఎస్ చెట్ల కింద నాలుగైదు మీటర్లు అటూ ఇటూ తప్పుతుంది. రెండు సమాధుల మధ్య దూరమే అంతకు తక్కువైనప్పుడు ఆ లెక్కను నమ్మి పటం గీయలేం. అందుకని గుంపు మధ్యగా ఉత్తర దక్షిణాలుగా ఒక నైలాను తాడు బిగించి, దానినే ఆధారరేఖగా పెట్టుకున్నాం. ప్రతి సమాధి నాలుగు మూలల నుంచీ ఆ తాడుకు లంబంగా దూరం కొలవాలి. లంబం సరిగ్గా రావడానికి మేస్త్రి తన పద్ధతే వాడాడు: తాడు మీద మూడు అడుగులు, పక్కకు నాలుగు అడుగులు, ఈ రెండు కొసల మధ్య అయిదు అడుగులు వస్తే మూల సరిపోయినట్టే. పైథాగరస్ పేరు చెప్పి నేను పాతికేళ్లకు పైగా పిల్లలకు చెప్పిన లెక్క అది. మేస్త్రి దానిని ఎవరి పేరూ చెప్పకుండా టేపు తిప్పినంత సేపట్లో చేసేవాడు.

ఒక్కొక్క సమాధికి నాలుగు గీతలు అవసరమవుతాయి. నేల నుంచి అరమీటరు ఎత్తున గోడలను అడ్డంగా కోస్తే కనబడే ప్లాను, వాకిలి మీదుగా వెనకగోడ దాకా నిలువుకోత, వాకిలి వైపు ముఖచిత్రం, పైనుంచి చూసిన కప్పుబండ ఆకారం. స్కేలు 1:20, అంటే రాతి మీద ఒక మీటరు కాగితం మీద అయిదు సెంటీమీటర్లు. రాతి పలక అంచు ఎక్కడా తిన్నగా ఉండదు కాబట్టి, పది సెంటీమీటర్లకొకసారి దారానికి కట్టిన గుండు వేలాడదీసి, అడ్డంగా బిగించిన దారం నుంచి దూరం చూసి, చుక్క పెట్టి, చివరికి రాతినే చూస్తూ ఆ చుక్కలను కలపాలి. ఒకరు కొలత చదువుతారు, గీసేవాడు అదే కొలతను తిరిగి పలికి రాసుకుంటాడు. ఇది వినడానికి విసుగు పుట్టించే పని, చేయడానికి కూడా విసుగే. కాని ఆ విసుగులోనే కన్ను ఒక పలక దగ్గర గంటసేపు నిలుస్తుంది. చూసిపోదామని వచ్చినవాడి కన్ను అంతసేపు నిలవదు.

ఉదయం పూట మంచుకు గ్రాఫు కాగితం ఉబ్బి, మధ్యాహ్నానికి బిగుసుకుని, కొలతలో తేడా తెస్తుంది. మిత్రుడు ముందే చెప్పి పాలియెస్టర్ డ్రాయింగ్ ఫిల్ము తెప్పించారు. అది తేమకు పెరగదు. దాని కింద గ్రాఫు పెట్టి, గట్టి పెన్సిలుతో గీశాను.

గీయడం మొదలుపెట్టాక నాకు మొదట తెలిసింది, ఇవి ఏదో విధంగా పేర్చిన బండలు కావని. దూరం నుంచి గోడలు నిట్టనిలువుగా కనబడతాయి. గుండు వేలాడదీస్తే మేం కొలిచినవాటిలో ఎక్కువ పలకలు తల భాగంలో లోపలికి కొద్దిగా వాలి ఉన్నాయి. కాలక్రమంలో కుంగి వాలాయేమో అనుకుంటే, ఎదురెదురు పలకలు రెండూ దాదాపు ఒకే మేరకు వాలి ఉన్నాయి. పైబండ బరువు పడినకొద్దీ పలకలు ఒకదానికొకటి ఆసరాగా బిగుసుకుంటాయే తప్ప బయటికి విరుచుకుపడవని మేస్త్రి వివరించాడు. “నిలువుగ పెడితే ఒక్క వానాకాలానికే జారిపోతది సారూ, గీళ్లు తెలిసినోళ్లు” అన్నాడు. కప్పుబండ నాలుగు వైపులా గోడలను దాటి, పెంకుటింటి చూరులాగా ముందుకు వచ్చి ఉంటుంది. వాన నీరు గోడ మొదట్లో పడకుండా దూరంగా పడటానికి అది పనికొస్తుంది. చూరు కింద గోడ పైభాగం నేటికీ పొడిగా, నాచు లేకుండా ఉండటం ముఖచిత్రం గీస్తున్నప్పుడు గమనించాను.

బరువు సంగతి కొంత చెప్పాలి. ఇసుకరాయి ఘనపు మీటరు బరువు సుమారు 2.3 టన్నులు. మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల మందం ఉన్న బండ ఘనపరిమాణం 2.25 ఘనపు మీటర్లు, అంటే బరువు అయిదు టన్నులు దాటుతుంది. ఆ గుట్టల మీద అంతకు పెద్దవీ ఉన్నాయి. రాయి దూరం నుంచి తేవలసిన అవసరం లేదు, గుట్టే ఇసుకరాయి. పొరలు పొరలుగా ఏర్పడిన ఆ రాతికి పొర వెంబడి చీలలు దింపితే పలకగా లేస్తుంది. అసలు కష్టం అంత బండను గోడల ఎత్తుకు చేర్చడంలో ఉంది. ఇప్పటి సంగతి చూస్తే, 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో రాష్ట్ర పురావస్తు శాఖ ఇనుపయుగపు సమాధిని తవ్వినప్పుడు దాని కప్పుబండను తీయడానికి క్రేన్ తెప్పించవలసి వచ్చింది. దామరవాయివాళ్లు ఏం చేశారో మేస్త్రినే అడిగాం. గోడల చుట్టూ వాటి ఎత్తు దాకా మట్టి పోసి, ఏటవాలు దారి చేసి, దుంగల మీద బండను దొర్లించుకుంటూ ఎక్కించి, తరువాత మట్టి తీసేసి ఉంటారన్నాడు. అంత మట్టి ఆ గుట్ట మీద ఎక్కడిదని మిత్రుడు అడిగితే, మట్టి దొరకకపోతే రాళ్లూ కొమ్మలూ పేర్చుకుని ఉంటారన్నాడు. ఇద్దరూ ఈ విషయం మీద రెండు పూటలు వాదించుకున్నారు. తవ్వితే తప్ప తేలని సంగతి కనుక నా గీతల్లో దానికి చోటు ఇవ్వలేదు.

కప్పుబండ అంచుల దగ్గర మేస్త్రి చూపిన ఒక విషయం మాత్రం గీతల్లోకి ఎక్కింది. కొన్ని బండల అంచులను చుట్టూ పెచ్చులు లేపి గుండ్రంగానో చదరంగానో దిద్దారు. ఆ పెచ్చుల మచ్చలు ఒకే ముఖం వైపు నుంచి, అంటే ఇప్పుడు కిందికి ఉన్న ముఖం వైపు నుంచి, కొట్టినట్టు వరుసగా ఉన్నాయి. కప్పుగా ఎక్కించాక కింది వైపు నుంచి సమ్మెట అలా ఆడదు కాబట్టి, బండను నేల మీద పెట్టి రూపు దిద్దాకే పైకి చేర్చారని అతడి అభిప్రాయం. నాకు అది సబబుగానే తోచింది. అంటే ఎంత పెద్ద గది వస్తుందో, దానికి ఎంత కప్పు కావాలో పని మొదలుపెట్టక ముందే వారు లెక్క వేసుకున్నారన్నమాట.

ఇక లోపలి భాగం. వాకిలి చాలావాటికి చిన్నది, పాకుతూ పోవాలి. లోపల నేల మీద తొట్టి ఉంటుంది. ఒకే బండను తొలిచి చేసిన ఈ తొట్లే గోదావరి తీరపు సమాధులకు ప్రత్యేకత. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేటలోనూ ఇలాంటి తొట్లు ఉన్నాయి. దక్షిణాదిలో ఇతరచోట్ల ఇదే కాలంలో కాళ్లున్న మట్టి పేటికలు వాడారు, భూమిలో రాతి పలకలతో పెట్టె కట్టి పైన గుండ్ల వలయం పేర్చారు. ఉత్తర తెలంగాణ ఊళ్ల శివార్లలో అటువంటి వలయాలు లెక్కలేనన్ని. రాతినే ఇలా తొట్టిగా తొలిచి, నేల మీద అందరికీ కనబడే గదిలో ఉంచడం మాత్రం ఈ అడవి ప్రాంతంలోనే ఎక్కువ.

తొట్టి లోపలి ఉలిదెబ్బలు గీయడానికి వెలుగు ఏటవాలుగా పడాలి. ఎదురుగా టార్చి వేస్తే గాట్లన్నీ చదునుగా కనబడతాయి. రాత్రి ఉండే వీలు లేదు కనుక శాసనాలు చదివేవారి పాత చిట్కా వాడాం. వాకిలి బయట ఎండలో అద్దం పట్టుకుని, ఆ వెలుగును తొట్టి గోడకు రాసుకుంటూ పోయేలా లోపలికి పంపితే, ప్రతి గాటూ తన నీడతో సహా లేచి నిలబడుతుంది. అద్దం పట్టుకున్న శిష్యుడు ఎండ కదిలినకొద్దీ తానూ జరుగుతూ ఉండాలి. అలా చూసినప్పుడు గాట్లు రెండు కొసల నుంచీ ఏటవాలుగా బయలుదేరి నడిమికి చేరుతున్నట్టు ఒక తొట్టిలో స్పష్టంగా కనబడింది. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని తొలిచారని మేస్త్రి వెంటనే అన్నాడు. మిత్రుడు ఒక్కడే అటు కొంతా ఇటు కొంతా తొలిచి ఉండవచ్చు గదా అన్నారు. గీతలో గాట్ల దిశను మాత్రం బాణం గుర్తులతో పెట్టాను.

నేను కొలిచిన తొట్లలో కొన్ని నిలువెత్తు మనిషిని వెల్లకిలా పడుకోబెట్టగలిగినంత పొడవున్నవి, కొన్ని అందుకు చాలనివి. చిన్నవి పిల్లలవేమో అని శిష్యులలో ఒకరు రాసుకోబోతే మిత్రుడు ఆపారు. ఇనుపయుగంలో శవాన్ని ముందు వేరేచోట ఉంచి, కొంతకాలానికి ఎముకలను మాత్రం ఏరి తెచ్చి సమాధిలో పెట్టే పద్ధతి దక్షిణాదిలో విస్తారంగా ఉండేది. కొన్నిచోట్ల ఒకే సమాధిలో పలువురి ఎముకలు దొరికాయి. అందుచేత తొట్టి పొడవు చూసి మనిషి వయసు చెప్పడానికి వీల్లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది పలకల రెండు ముఖాల మధ్య తేడా. నేను గీసిన గుంపులో చాలా పలకలకు లోపలి ముఖం చదునుగా, బయటి ముఖం గరుకుగా ఉంది. మూడు వేల ఏళ్ల వానకూ ఎండకూ బయటి ముఖం అరిగిపోయి ఉంటుందని మిత్రుడు మొదట కొట్టిపారేశారు. అది న్యాయమైన సందేహమే. అందుకని కప్పుబండ చూరు కింద, వాన తాకని చోట, బయటి ముఖాన్ని మళ్లీ అద్దపు వెలుగులో చూశాం. అక్కడా గరుకే. అక్కడి గరుకు అరుగుడు వల్ల వచ్చింది కాదు, దిద్దకుండా వదిలేసిన రాతి సహజమైన ముఖం. పలకను లేపాక రెండు ముఖాలలో చదునైనదాన్ని ఎంచి లోపలికి తిప్పారని నా అభిప్రాయం. మిత్రుడు ఇప్పటికీ ‘కొన్నింటి వరకు’ అని మాత్రమే ఒప్పుకుంటారు. రామప్పను చూసిన కళ్లతో దామరవాయికి వచ్చినవారు ఇక్కడ శిల్పం ఏముందని నిరుత్సాహపడతారు. రామప్ప 1213 నాటి గుడి, చూసేవారి కోసం అణువణువూ చెక్కినది. ఇక్కడి పనివాడి శ్రద్ధ మూతపడబోయే గది లోపలికి, ఎవరూ చూడబోని తొట్టి అడుగుకు వెళ్లింది. ఈ రెండింటినీ ఒకే కొలబద్దతో చూడటం నాకు సబబుగా తోచదు.

మనిషి రూపం చెక్కిన రాళ్లు కూడా ఈ సంప్రదాయంలో ఉన్నాయి, కాని అవి వేరే చోట్ల. అందుకోసం పనిమధ్యలో మంగపేట మండలం మల్లూరు వైపు వెళ్లివచ్చాం. గుండ్రని తల, రెండు వైపులా చాచిన చేతుల వంటి భుజాలు, కింద పొడవైన మొండెం. ముఖంలో కళ్లూ ముక్కూ ఉండవు. ఈ తీరంలో దొరికిన ఇటువంటి రాళ్లలో కొన్నింటికి వక్షోజాలు స్పష్టంగా చెక్కి ఉండటంతో అవి స్త్రీమూర్తులని తెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషువాళ్లు వీటిని క్రైస్తవ శిలువలనుకున్నారు. ఫెర్గూసన్ ఆ నమ్మకం మీద ఈ సమాధులను బాగా ఇటీవలి కాలానివిగా లెక్కగట్టాడు. తల గుండ్రంగా దిద్ది ఉండటాన్ని, మెడ దగ్గర రాయి సన్నబడటాన్ని పక్క నుంచి ఒక్క గీత గీసి చూసి ఉంటే ఆ వాదం నిలిచేది కాదు. ఎదురుగా చూస్తే శిలువే, పక్కగా చూస్తే మనిషి భుజం. అందుకే అటువంటి రాతికి మూడు వైపుల గీతలు తప్పనిసరని నేను పట్టుబట్టాను.

సమాధుల్లో ఎముకలు గాని కుండలు గాని మాకు కనబడలేదు. నేల మీద బయటికి ఉన్న కట్టడాలు కావడంతో వేల ఏళ్లుగా జంతువులు, మనుషులు లోపలికి పోతూనే ఉన్నారు. గుప్తనిధుల కోసం తవ్విన గుంతలు చాలా సమాధుల్లో కనబడ్డాయి. కొన్నిచోట్ల తొట్టినే పగలగొట్టారు, ఒకచోట గోడపలక మొదట్లో తవ్వడం వల్ల పైబండ ఒరిగింది. తవ్వకాలు శాస్త్రీయంగా జరిగిన ఇనుపయుగపు సమాధుల్లో సాధారణంగా దొరికేవి నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు. లంకెబిందెల ఆశతో పోయినవారికి ఇనుప తుప్పు ముక్క చేతికొస్తే దాన్ని పారేసి పోతారు. పరిశోధకుడికి మాత్రం ఆ ముక్క కాలాన్ని చెప్పగల సాక్ష్యం. గుంతలను కూడా నేను ప్లానులో చుక్కల గీతతో గుర్తించాను. రేపు మరొకరు వచ్చి చూసినప్పుడు కొత్త గుంత ఏదో పాత గుంత ఏదో తెలియాలి.

తాతతో ఒక మధ్యాహ్నం సద్ది తింటూ, వీటిని ఎవరు కట్టారంటారని అడిగాను. “మా పెద్దలు కట్టినయి కావు సారూ. రాకాసులు కట్టిండ్రని చెప్తరు. మేం వచ్చేటాళ్లకే ఉన్నయి. మావి వేరే ఉంటయి” అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఊరి బయట తమవాళ్ల పేర నిలిపిన రాళ్లు చూపించారు. చనిపోయినవారి పేర రాయి నిలపడం కోయల్లో సజీవంగా ఉన్న ఆచారం. కొండ మీది సమాధులకూ ఈ రాళ్లకూ సంబంధం ఉందని తేల్చేసిన వ్యాసాలు చదివాను. తాత చెప్పిన మాటలో అటువంటి తొందర లేదు. తమవి కానివాటిని తమవని ఆయన చెప్పుకోలేదు, అయినా గూటిలోకి పోయే ముందు చెప్పులు విడిచేవారు. మేమూ విడిచాం. రాతి నేల మీద బూట్ల ఇసుక గీరుకుపోతే ఉలిగాటుకూ దానికీ తేడా తెలియదు కనుక మా పనికీ అది మంచిదే.

గుట్ట మీద పెన్సిలుతో గీసినదానికి ఇంటి దగ్గర సిరాగీత పెట్టడం ఈ పనిలో సగం. కోతలో తెగిన రాతికి లావు గీత, వెనక కనబడే అంచుకు సన్న గీత, పైనున్న కప్పుబండ అంచుకు తెగిన గీత. వెలుగు ఎప్పుడూ ఎడమ పైమూల నుంచి పడుతున్నట్టు భావించి చుక్కలతో నీడ వేయాలి. దిద్దిన భాగానికి చుక్కలు పలుచగా, సహజ ముఖానికి ఒత్తుగా వేశాను. ప్రతి షీటు మీదా ఉత్తర దిక్కు బాణం, నలుపు తెలుపు గళ్ల స్కేలుపట్టీ, సమాధి అంకె ఉండాలి. అందంగా రావాలన్న కోరికతో విరిగిన అంచును పూర్తి చేయడం డ్రాయింగు మాస్టార్లకు ఉన్న రోగం. మిత్రుడు ప్రతి షీటునూ ఫొటోల పక్కన పెట్టి ఆ విషయం మీదే చూసేవారు.

ఈలోగా శిష్యులు తమ పద్ధతిలో త్రీడీ నమూనాలు చేశారు. సమాధి చుట్టూ తిరుగుతూ, ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోని భాగం మూడింట రెండు వంతులు పడేలా వందలాది ఫొటోలు తీసి కంప్యూటరులో వేస్తే, అది వాటిని కలిపి ఆకారం నిర్మిస్తుంది. దాని నుంచి తీసిన కోతను నా గీత మీద పరిచి చూశాం. ఎక్కువచోట్ల ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాలోనే సరిపోయాయి. ఆకులు కదిలినచోట నమూనా ముద్దగా వచ్చింది, అక్కడ గీతే ఆధారం. కప్పుబండ పైభాగం వంటి, టేపుతో అందుకోలేని చోట నమూనాయే ఆధారం. ఏ కొలత దేని నుంచి తీసుకున్నామో షీటు అంచున రాశాం.

షీట్ల స్కాన్ ప్రతులు మిత్రుడి దగ్గరా, మాకు అనుమతి ఇచ్చిన కార్యాలయంలోనూ ఉన్నాయి. తొట్టి గీతల ప్రతి ఒకటి మేస్త్రి అడిగి తీసుకున్నాడు, తన కొడుకుకు చూపించాలట. నారాయణపేట జిల్లాలోని ముదుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాక మా పని కూడా అలాంటిదాని కోసమేనా అని చాలామంది అడుగుతున్నారు. కాదు. ఒక గుంపు సమాధులకు నమ్మదగిన కొలతలు ఉండాలన్నదే మా ఉద్దేశం. పైబండ ఒరిగిన సమాధికి మాత్రం నిలువుకోత ఇంకా లేదు. దాని కిందికి ఎవరూ పోకూడదని మేస్త్రి గట్టిగా చెప్పాడు. వచ్చే చలికాలం ఆకు రాలాక కర్రకు కెమెరా కట్టి వాకిలి బయటి నుంచే లోపలి ఫొటోలు తీసి, ఆ నమూనా నుంచి కోత గీయాలని అనుకున్నాం.